నాయనమ్మ రూపాయల మూట

పల్నాడులో కృష్ణ ఒడ్డుకు దగ్గరగా ఒక ఊరు. పొద్దున్న పది గంటల వేళ వీధిలోకి ఒక మోటారు సైకిలు వచ్చింది. దాని వెనక పెట్టె. పెట్టె మీద మైకు.

"పాత వెండి కొంటాం! పాత పట్టీలు, పాత కాసులు, రాణి రూపాయలు కొంటాం!"

నాయనమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆ కేక విని ఆమె చెయ్యి ఆగింది.

ఇంట్లో ఒక గుడ్డమూట ఉంది. అందులో 24 పాత రూపాయలు ఉన్నాయి. చాలావరకు అత్తగారు పోయేముందు ఆమె చేతిలో పెట్టినవి. కొన్ని పుట్టింటివి. ఆమె పుట్టిల్లు కృష్ణ అవతల, నల్లగొండ వైపు. ఇన్నేళ్లలో ఆ మూటను అమ్మే పని పడలేదు. ఇప్పుడు పడింది. మనవరాలికి కాలేజీలో సీటు వచ్చింది. ఫీజు మొదటి వాయిదా కట్టడానికి ఇంకా వారమే ఉంది.

నాయనమ్మ మూట తెచ్చి విప్పింది. బేరగాడు రూపాయలను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకదాన్ని అరుగు మీద వేశాడు. పెదవి విరిచాడు.

"ఇవన్నీ సగం వెండి మామ్మా. మిగతా సగం రాగీ గీగీ. అయినా పెద్దదానివి, నిన్ను మోసం చేస్తానా? రూపాయికి తులం లెక్క. 24 రూపాయలు, 24 తులాలు. అందులో సగం వెండి. 12 తులాల వెండికి డబ్బులు ఇప్పుడే చేతిలో పెడతా."

"తులం అంటే ఎంత నాయనా?"

"పది గ్రాములు మామ్మా. ఎవరినైనా అడుగు."

అతను చెప్పిన దానిలో రెండు నిజాలు ఉన్నాయి. ఈ రోజుల్లో బంగారం, వెండి కొట్లలో తులం అంటే పది గ్రాములనే లెక్క కడుతున్నారు. కొన్ని పాత రూపాయల్లో సగమే వెండి ఉన్న మాటా నిజమే. ఆ రెండు నిజాలనూ కలిపి అతను ఒక అబద్ధం తయారు చేశాడు. నాయనమ్మకు ఆ సంగతి అప్పుడు తెలియదు. కానీ మూటలో ఉన్నవన్నీ ఒకే రకం కావని ఆమెకు తెలుసు.

"మావాడు పొలం నుంచి రావాలి. ఎల్లుండి రా" అంది.

"ఎల్లుండికి ధర పడిపోతుంది మామ్మా!"

"పడితే పడనీలే నాయనా" అని మూట కట్టేసింది.

మంచం మీద రూపాయలు

సాయంత్రం నాయనమ్మ, మనవరాలు నులకమంచం మీద దుప్పటి పరిచి రూపాయలన్నీ పోశారు. మనవరాలు ఫోను లైటు వేసింది.

"నాయనమ్మా, ముందు ఏడాది చూద్దాం. ప్రతి రూపాయి మీదా ఏడాది ఉంటుంది కదా."

నాయనమ్మకు అంకెలు బాగా వచ్చు. పెద్దయ్యాక రాత్రి బడిలో నేర్చుకుంది. బస్సు నంబరు, కరెంటు బిల్లు తనే చదువుకుంటుంది. కానీ ఇన్నేళ్లుగా దాచిన రూపాయల మీద ఏముందో ఎప్పుడూ చదవలేదు. ఆమె ఒక రూపాయి తీసి కళ్ల దగ్గరగా పెట్టుకుంది.

"ఒకటి, తొమ్మిది, ఒకటి, ఎనిమిది. 1918."

ఇంకొకటి తీసింది. "1907." ఇంకొకటి. దాని మీద ఆడమనిషి తల ఉంది. "1862. ఇదేనే రాణి రూపాయి!"

అలా ఒక్కొక్కటే చదివి కుప్పలు పెట్టారు. 1939 లోపువి 14 వచ్చాయి. 1942, 1943, 1944 అని ఉన్నవి 5. చార్మినార్ బొమ్మ ఉన్నవి 3. వాటి మీద అంకెలు ఉర్దూలో ఉన్నాయి. ఒక రూపాయికి ఒకవైపు రాజు తల, రెండోవైపు పులి. దాని మీద 1947 అని ఉంది. ఇక మిగిలింది ఒకటి. దాని మీద 1901 అని ఉంది. కానీ రాణి ముఖం మాసిపోయినట్టు ఉంది. అక్షరాల అంచులు మొద్దుగా ఉన్నాయి. ఒంటి నిండా సన్నటి గుంటలు. నాయనమ్మ దాన్ని పక్కన పెట్టింది.

ఇలా ఏడాదిని బట్టి కుప్పలు పెట్టడం చాలా ముఖ్యమైన పని. ఎందుకంటే రూపాయి అసలుదే అయినా అన్ని రూపాయల్లోనూ వెండి ఒకేలా లేదు. దొంగ రూపాయా, అసలు రూపాయా అన్నది ఒక ప్రశ్న. అసలు రూపాయే అయితే వెండి ఎంత అన్నది వేరే ప్రశ్న.

1835లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. కంపెనీ ఏలుబడిలో ఉన్న చోటల్లా ఒకే రకం రూపాయి ఉండాలని చెప్పింది. దాని బరువు 180 గ్రెయిన్లు. గ్రెయిను అంటే చాలా చిన్న తూకపు కొలత. అందులో 165 గ్రెయిన్లు వెండి, 15 గ్రెయిన్లు వేరే లోహం. అంటే 12 పాళ్లలో 11 పాళ్లు వెండి. ఒక పాలు కలిపింది మెత్తటి వెండికి గట్టిదనం రావడానికే. నేటి కొలతలో ఆ రూపాయి 11.66 గ్రాములు తూగుతుంది. తులం అన్నా అదే బరువు. అందుకే పాతకాలంలో కొట్లలో రూపాయినే తులం రాయిగా వేసి తూచేవాళ్లు. 80 రూపాయల ఎత్తు ఒక సేరు.

విక్టోరియా రాణి పోయి ఎడ్వర్డు వచ్చినా, ఎడ్వర్డు పోయి అయిదో జార్జి వచ్చినా రూపాయి మీద తల మారిందే కానీ లోపలి వెండి మారలేదు. 1911లో కొత్త రాజు అయిదో జార్జి బొమ్మతో వచ్చిన రూపాయి మీద మాత్రం ఒక గొడవ అయింది. రాజు అంగీ మీద చెక్కిన చిన్న ఏనుగు పందిలా కనిపిస్తోందని జనం మండిపడ్డారు. ప్రభుత్వం ఆ బొమ్మ దిద్దించి 1912లో మళ్లీ అచ్చు వేయించింది. గొడవ ఏనుగుతోనే. వెండి మాత్రం అప్పుడూ 12లో 11 పాళ్లే.

మార్పు 1940లో వచ్చింది. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. కాగితం నోటు మీద నమ్మకం లేక జనం వెండి రూపాయలను దాచుకోసాగారు. ప్రభుత్వం రూపాయిలో వెండిని సగానికి తగ్గించింది. 100 పాళ్లలో 50 వెండి, 40 రాగి, 5 నికెలు, 5 జింకు. బరువు మాత్రం అదే 11.66 గ్రాములు. రాజు తల కూడా అదే, ఆరో జార్జిది. చూపుకు తేడా పెద్దగా తెలియదు. అయితే అంచు చూస్తే తెలుస్తుంది. 1939 దాకా రూపాయి అంచు నిండా నిలువు గీతలే. 1940 నుంచి ఆ గీతల మధ్యలో చుట్టూ సన్నటి గాడి ఉంటుంది. సగం వెండి రూపాయలు 1945 దాకా వచ్చాయి.

1947 నాటి పులి రూపాయిలో అసలు వెండే లేదు. అది నికెలు. స్వతంత్రం వచ్చాక 1950 నుంచి వచ్చిన సింహాల బొమ్మ రూపాయల్లోనూ వెండి లేదు. గాంధీ శతజయంతికి 1969లో వచ్చిన పది రూపాయల నాణెంలో మాత్రం వెండి ఉంది. అది 15 గ్రాములు, 100కు 80 పాళ్లు వెండి.

చార్మినార్ రూపాయిది వేరే కథ. కృష్ణకు ఇవతల కంపెనీ రూపాయి, తర్వాత రాణి రూపాయి నడిచాయి. అవతల నిజాం రాజ్యం. అక్కడ హాలీ సిక్కా రూపాయి. ఇవతలి రూపాయిని అక్కడ కల్దారు అనేవాళ్లు. ఏరు దాటితే డబ్బు మార్చుకోవాల్సిందే. ఆరు కల్దారు రూపాయలకు ఇంచుమించు ఏడు హాలీ రూపాయలు ఇచ్చేవాళ్లు. అది ఊరికే పెట్టిన ధర కాదు. చార్మినార్ రూపాయి బరువు 11.18 గ్రాములు. 100 పాళ్లలో వెండి ఇంచుమించు 82 పాళ్లు. ఆరు కల్దారుల్లో ఉన్న వెండి, ఏడు హాలీల్లో ఉన్న వెండి రెండూ తూచితే 64 గ్రాముల దగ్గరే వస్తాయి.

"మా అమ్మ పుట్టింటి నుంచి నాకు ఇచ్చినవి ఈ మూడే" అంది నాయనమ్మ. "ఇవతల ఇవి చెల్లవని మా అత్త నవ్వేది."

మోగించి చూద్దాం

చీకటి పడే వేళకు పక్కింటి పిన్ని కూడా వచ్చి కూర్చుంది. ఎవరికి తోచిన పరీక్ష వాళ్లు చెప్పారు.

నాయనమ్మ రూపాయిని బొటనవేలి గోటి మీద పెట్టి పైకి ఎగరేసింది. అది గిర్రున తిరిగి ఖంగుమంది. ఆ మోత కొంతసేపు సన్నగా నిలిచింది. ఆమె చిన్నప్పుడు షావుకార్లు రూపాయిని ఇలాగే మోగించి తీసుకునేవాళ్లు. గుంటల రూపాయిని ఎగరేసింది. అది 'టక్' మని ఊరుకుంది. వెండి రూపాయి బాగా మోగుతుంది. సీసం కలిసింది మోగదు. కానీ మోతనే నమ్ముకుంటే కుదరదు. మంచి రూపాయికి చిన్న పగులు ఉన్నా మోత పోతుంది. దండ కోసం కొక్కెం అతికించినా పోతుంది.

మనవరాలు పాత స్పీకరులోంచి తీసిన సూదంటురాయి తెచ్చింది. పులి రూపాయి టక్కున అంటుకుంది. మిగిలిన 23 అంటుకోలేదు.

"అయితే ఈ 23 వెండే!" అంది పిన్ని.

"లేదు పిన్నీ. రాగి అంటుకుంటుందా? ఇత్తడి అంటుకుంటుందా? సీసం అంటుకుంటుందా? అంటుకుంటే వెండి కాదని తెలుస్తుంది. అంటుకోకపోతే ఏమీ తెలియదు" అంది మనవరాలు.

సూదంటురాయి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పుకోవాలి. బియ్యం గింజలను లాగే నాణెం ఉంది, దానికి కోట్ల ధర ఉంది అని చెప్పి డబ్బు కాజేసే ముఠాలు మన జిల్లాల్లో చాలాసార్లు పోలీసులకు దొరికాయి. బియ్యానికి ఇనుప రజను పట్టిస్తే ఏ సూదంటురాయి అయినా లాగుతుంది. అలాగే రాముడు, హనుమంతుడి బొమ్మలు వేసి, ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అన్న ఏడాది వేసి అమ్మే అణా నాణేలు కూడా ఉన్నాయి. కంపెనీ అలాంటి అణాలు వేయలేదు. అవి తర్వాతివాళ్లు అమ్ముకోవడానికి చేసిన బిళ్లలు.

పిన్ని ఫోనులో చూసిన ఇంకో పరీక్ష చెప్పింది. నాణెం మీద మంచుముక్క పెడితే వెండి అయితే చప్పున కరిగిపోతుందట. నిజమే. వేడిని మోసుకుపోవడంలో లోహాలన్నిటిలో వెండిదే పైచేయి. కానీ దాని వెనకే రాగి ఉంది. వెండిపూత పూసిన రాగి బిళ్ల మీద పెట్టినా మంచు అంతే చప్పున కరుగుతుంది.

"చింతపండు పెట్టి తోమితే తళతళ్లాడతాయి. అప్పుడు తెలుస్తుందిగా?" అంది పిన్ని.

నాయనమ్మ వద్దంది. ఎందుకో ఆమెకే తెలియదు. మర్నాడు ఆచారి చెప్పాడు.

ఆచారి కొట్లో నీళ్ల గ్లాసు

మర్నాడు నాయనమ్మ, మనవరాలు బస్సెక్కి మండలం ఊరికి వెళ్లారు. అక్కడ ఆచారి కొట్టు ఉంది. ఆ ఇంటికి మూడు తరాలుగా తెలిసిన మనిషి.

ఆచారి రూపాయలు చూసి ముందు ఒక మాట అన్నాడు. "తోమలేదు కదా పెద్దమ్మా? మంచి పని చేశారు. వెండి నల్లబడితే తప్పు కాదు. గాలిలో, పొగలో, కోడిగుడ్డులో ఉండే గంధకం తగిలితే నల్లబడుతుంది. చింతపండు, బూడిద పెట్టి తోమితే బొమ్మ అరుగుతుంది, వెండీ అరుగుతుంది. పాత నాణేలు దాచుకునే వాళ్లు తోమినదానికి ధర ఇవ్వరు."

తర్వాత కాటా మీద ఒక్కొక్క రూపాయిని పెట్టాడు. అది ఎలక్ట్రానిక్ కాటా. గ్రాములో నూరో వంతు కూడా చూపిస్తుంది. 1918 నాటిది 11.61 చూపించింది. 1862 నాటిది 11.48. చేతులు మారి మారి కాస్త అరిగింది. గుంటల రూపాయి 11.50 చూపించింది.

మనవరాలు తెల్లబోయింది. "అది కూడా బరువు సరిపోయిందే!"

"సరిపోతుంది. దొంగ నాణెం చేసేవాడికీ కాటా ఉంటుంది కదమ్మా" అని ఆచారి నవ్వాడు. "కానీ దీన్ని మంచి రూపాయి పక్కన నిలబెట్టి చూడు. ఏది లావుగా ఉంది?"

గుంటల రూపాయి కొంచెం లావుగా ఉంది.

కిలో దూది, కిలో ఇనుము బరువులో ఒకటే. కానీ దూది మూటంత చోటు తీసుకుంటుంది. ఇనుము గుప్పెడే. లోహాల్లోనూ అలాగే తేడా ఉంది. వెండి బరువైన లోహం. రాగి, ఇత్తడి, నికెలు దానికంటే తేలిక. కాబట్టి వాటితో చేసిన దొంగ రూపాయికి బరువు సరిపోవాలంటే లావు పెంచాలి. లావు సరిపోవాలంటే బరువు తగ్గాలి. రెండూ ఒకేసారి సరిపోవడం కష్టం. లావును కంటితో కొలవలేం. నీళ్లతో కొలవవచ్చు.

ఆచారి ఒక గాజుగ్లాసులో సగానికి నీళ్లు పోసి కాటా మీద పెట్టాడు. మీట నొక్కి కాటాను సున్నాకు తెచ్చాడు. 1939 లోపు రూపాయల్లో అయిదింటిని తీసి ముందు పొడిగా తూచాడు. 58.0 గ్రాములు. తర్వాత వాటిని సన్నటి దారంతో కట్టి నీళ్లలోకి దించాడు. దారం కొస చేత్తో పట్టుకున్నాడు. రూపాయలు గ్లాసు అడుగుకు తగలలేదు, పక్కలకు తగలలేదు. అంటుకున్న గాలి బుడగలను పుల్లతో తట్టి వదిలించాడు.

కాటా 5.6 చూపించింది.

"రూపాయలు మీ చేతిలో ఉన్నాయి కదా, కాటా ఎందుకు కదిలింది?" అని మనవరాలు అడిగింది.

"రూపాయలు నీళ్లలో ఎంత చోటు తీసుకుంటే అంత నీళ్ల బరువు కాటా మీద పడుతుంది. ఒక గ్రాము నీళ్లంటే ఒక మిల్లీలీటరు చోటు. ఇప్పుడు 58ని 5.6తో భాగించు."

మనవరాలు ఫోనులో భాగించింది. 10.3 దాటి వచ్చింది.

"అంటే ఇది నీళ్లకంటే 10.3 రెట్లు బరువు. అచ్చం వెండి అయితే 10.5 ఉండాలి. 12లో 11 పాళ్లు వెండి, ఒక పాలు రాగి ఉంటే 10.3 రావాలి. వచ్చింది."

ఇప్పుడు 1942, 43, 44 నాటి అయిదు రూపాయలు. పొడిగా 58.1 గ్రాములు. బరువు అంతే. నీళ్లలో దించితే కాటా 6.1 చూపించింది. భాగిస్తే 9.5. నాయనమ్మ కళ్లు చిట్లించి ఆ అంకె చదివింది.

"అదే బరువు, అదే రాజు. నీళ్లు ఎట్లా కనిపెట్టాయి!"

గుంటల రూపాయి ఒక్కటే నీళ్లలో దించితే 1.35 వచ్చింది. 11.50ని భాగిస్తే 8.5. అది ఇత్తడికో, జర్మన్ వెండికో వచ్చే అంకె. జర్మన్ వెండి అని పేరే కానీ అందులో వెండి చుక్క కూడా ఉండదు. రాగి, నికెలు, జింకు కలిపి చేసేది.

ఈ ఉపాయం చాలా పాతది. రెండు వేల ఏళ్లకు పైగా కిందట గ్రీకువాడైన ఆర్కిమెడీసు రాజుగారి కిరీటంలో కల్తీని ఇలా నీళ్లతోనే పట్టుకున్నాడని కథ చెబుతారు. దీనికి కాటా సన్నంగా తూచేది కావాలి. కిరాణా కొట్టు కాటాతో ఒక్క రూపాయిని తూచి భాగిస్తే లెక్క తప్పుతుంది. అయిదో పదో కలిపి తూచితే తప్పు తగ్గుతుంది. హైస్కూలు ల్యాబులో సన్నటి కాటా ఉంటే మాస్టారిని అడిగి అక్కడా చూడవచ్చు. దండ కోసం కొక్కెం అతికించిన రూపాయిని మాత్రం విడిగా చూడాలి. అతుకులో ఉండే లోహం వేరు.

ఆచారి ఆ తర్వాత గీటురాయి తీశాడు. గుంటల రూపాయి అంచును దాని మీద ఒక్కసారి గట్టిగా రుద్దాడు. బొమ్మ మీద రుద్దలేదు. పైపూత ఎంత బాగున్నా అంచు దగ్గర అరిగి లోపలి రంగు బయటపడుతుంది. గీత పచ్చగా పడింది. చిన్న సీసాలోని ఆసిడ్ చుక్క వేశాడు. గీత ఆకుపచ్చ నురుగై పోయింది. ఆ ఆసిడ్ చర్మాన్ని కాలుస్తుంది. దాని పొగ పీల్చకూడదు. ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ ఆ పరీక్ష జోలికి పోనే కూడదు.

"పెద్ద ఊళ్లలో ఎక్స్‌రే మిషన్లు ఉన్నాయట కదా?" అని మనవరాలు అడిగింది.

"ఉన్నాయి. హాల్‌మార్కు వేసే చోట ఉంటాయి. నాణేన్ని కొయ్యనక్కర లేకుండా అందులో ఏముందో చెబుతాయి. మంచివే. కానీ ఆ మిషను పైపొరనే చూస్తుంది. పూత దళసరిగా ఉంటే పూతనే చదువుతుంది. అందుకని బరువూ నీళ్లూ కూడా చూసుకోవాలి."

చార్మినార్ రూపాయలను ఆచారి కళ్లద్దం పెట్టి చూశాడు. చార్మినార్ గుమ్మంలో ఒక అక్షరం ఉంది. పైన చిన్న గుండు, కింద తోక. "ఇది మీమ్. మహబూబ్ అలీ పాషా కాలానిది. ఉస్మాన్ అలీ కాలపు రూపాయి మీద గుమ్మంలో ఐన్ అక్షరం ఉంటుంది. అవి చాలా ఏళ్లు వచ్చాయి. అలాంటివి వస్తే నేను వేటికవే పరీక్ష చేస్తాను. ఒక్క లెక్కన కట్టను."

చీటీ మీద లెక్క

ఆచారి తెల్లకాగితం మీద రాశాడు. నాయనమ్మ పక్కన కూర్చుని చదివింది.

1939 లోపువి 14. మొత్తం బరువు 162 గ్రాములు. దాన్ని 12 భాగాలు చేస్తే ఒక భాగం 13.5. అది తీసేస్తే వెండి 148.5 గ్రాములు.

సగం వెండివి 5. బరువు 58 గ్రాములు. వెండి 29.

చార్మినార్‌వి 3. బరువు 33 గ్రాములు. 100కు 82 చొప్పున వెండి 27.

పులి రూపాయిలో సున్నా. గుంటల రూపాయిలో సున్నా.

మొత్తం వెండి 204.5 గ్రాములు.

బేరగాడు ఎంతకు లెక్క కట్టాడు? 12 తులాలు. తులానికి పది గ్రాములంటే 120 గ్రాములు. అంటే 84.5 గ్రాముల వెండి ఊరికే పోయేది. అతను ఇస్తానన్న ధర ఎంత అన్నది ఆ తర్వాత మాట.

"పాత తులం 11.66, కొత్త తులం 10. రూపాయిని పాత తులమని పేరు పెట్టి తీసుకుంటారు, కొత్త తులమని డబ్బు కడతారు. అందుకే తులం మాట వద్దు పెద్దమ్మా. గ్రాములలో అడగండి. కాటా అంకె మీరే చదవండి" అన్నాడు ఆచారి.

ఆయన ఆ రోజు పేపరులో వెండి ధర చూపించాడు. కరిగించడానికి పోయే తరుగు, తన కూలి ఎంతో ముందే చెప్పాడు. నాయనమ్మ మొత్తం మూట అమ్మలేదు. సగం వెండివి అయిదు, బాగా అరిగిన పాతవి నాలుగు ఇచ్చింది. ఫీజు మొదటి వాయిదాకు అవి సరిపోయాయి. ఆచారి రసీదు రాశాడు. ఎన్ని నాణేలు, ఏ ఏడాదివి, బరువు ఎంత, వెండి ఎంత, ధర ఎంత అన్నీ అందులో ఉన్నాయి. నాయనమ్మ రసీదు మొత్తం చదివాకే మడిచి రొంటిన పెట్టుకుంది.

కరిగించడానికి ముందు ఏడాదులన్నీ మళ్లీ ఒకసారి చూడమని ఆచారి తనే అడిగాడు. 1939 నాటి రూపాయి చాలా అరుదు. నాణేలు సేకరించే వాళ్లు దానికి వెండి ధరకు ఎన్నో రెట్లు ఇస్తారు. అందుకే 1938 మీద ఎనిమిదిని తొమ్మిదిగా దిద్ది అమ్మేవాళ్లూ ఉన్నారు. నాయనమ్మ మూటలో 1939 లేదు.

బస్సులో మనవరాలు గుంటల రూపాయిని తిప్పి చూస్తూ కూర్చుంది.

"ఇది మూటలోకి ఎట్లా వచ్చింది నాయనమ్మా?"

"మా అత్త మిరపకాయలు అమ్ముకునేది. ఎవడో ఇచ్చి ఉంటాడు. ఆమెకు అంకెలు రావు కదా. రూపాయి అనుకునే దాచింది."

మూడో రోజు మోటారు సైకిలు మళ్లీ వచ్చింది. నాయనమ్మ ఒక రూపాయి తెచ్చి బేరగాడి చేతిలో పెట్టింది.

"దీని మీద ఏడాది చదువు నాయనా."

"1918."

"ఇందులో సగమే వెండి ఉంటుందా? నీ కాటా తీసి తూచు. ఎన్ని గ్రాములో పైకి చదువు."

బేరగాడు కాటా తీయలేదు. "అమ్మితే అమ్ము, లేకపోతే లేదు మామ్మా" అంటూ బండి స్టార్టు చేశాడు. పక్క వీధిలో మైకు మళ్లీ మొదలైంది. నాయనమ్మ చెప్పులు వేసుకుని పక్క వీధిలో ఉన్న వియ్యపురాలి ఇంటికి బయలుదేరింది. ఆమె దగ్గర కూడా రాణి రూపాయల దండ ఉంది.

మీరు చెప్పండి

ఒకరి దగ్గర 1916 నాటి రూపాయలు 6 ఉన్నాయి. వాటి బరువు 69.6 గ్రాములు. అందులో వెండి ఎంత?

1943 నాటి రూపాయలు 10 ఉన్నాయి. బరువు 116 గ్రాములు. అందులో వెండి ఎంత?

ఒక రూపాయి సూదంటురాయికి అంటుకోలేదు. అది వెండి అని చెప్పవచ్చా? ఎందుకు?

నాలుగు రూపాయల బరువు 46 గ్రాములు. నీళ్లలో దించితే కాటా 5.4 చూపించింది. భాగించి చూడండి. అవి వెండివేనా?

మీ ఇంట్లో పాత రూపాయి ఉంటే దాని మీద ఏడాది చదివి ఇక్కడ రాయండి: ............